కుదుపులు లేని స్క్రోలింగ్: కీబోర్డు ఒక్కదానితో ఎంతవరకు సాధ్యం?

పొడవాటి పేజీ ఒకటి తెరిచి కింది బాణం కీని నొక్కిపడితే పేజీ ముందు కాస్త జరుగుతుంది, అర సెకను ఆగుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా పరుగందుకుంటుంది. మధ్యలో వచ్చే ఆ అర సెకను విరామం బ్రౌజర్ తప్పు కాదు. కీబోర్డును టైపింగ్ కోసం తయారుచేశారు. ఒక అక్షరం కొట్టబోయి వేలు తీయడం కొంచెం ఆలస్యమైతే అదే అక్షరం పదిసార్లు పడకూడదు కదా, అందుకు పెట్టిన జాగ్రత్త అది. టైపింగ్‌కు మేలు చేసిన ఆ జాగ్రత్తే స్క్రోలింగ్‌లో మొదటి కుదుపు.

యూఎస్‌బీకి ముందున్న పాత పీఎస్/2 కీబోర్డుల్లో ఈ లెక్కంతా కీబోర్డే చూసుకునేది. 250, 500, 750, 1000 మిల్లీసెకన్లలో ఏదో ఒక విరామం, ఆపైన సెకనుకు 2 నుంచి 30 దాకా రిపీట్లు, అంటే కీని మళ్లీ మళ్లీ నొక్కినట్టు పంపే కబుర్లు. ఎవరూ ఏమీ మార్చకపోతే విరామం 500 మిల్లీసెకన్లు, వేగం సెకనుకు 10.9. యూఎస్‌బీ వచ్చాక రిపీట్లు పుట్టించే పని ఆపరేటింగ్ సిస్టమ్‌కు బదిలీ అయింది గానీ అంకెలు పెద్దగా మారలేదు. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో కీబోర్డు అన్న చోట కనిపించే రిపీట్ డిలే, రిపీట్ రేట్ అనే రెండు స్లైడర్లు ఆ పాత లెక్కకు వారసులే. డిలేను తగ్గించి రేటును పెంచితే పేజీ కదలికలో తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. బ్రౌజర్లో ఏ సెట్టింగూ ముట్టుకోనక్కర్లేదు.

టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లు జరిపినప్పుడు ఎంత దూరం జరిగాయో, ఎంత వేగంగా జరిగాయో కంప్యూటర్‌కు ఎప్పటికప్పుడు అందుతూ ఉంటుంది. పేజీని ఆ దూరం మేరకు జరిపితే సరిపోతుంది. కీ దగ్గర దూరమూ లేదు, వేగమూ లేదు. నొక్కారు, ఇంకా నొక్కే ఉన్నారు, వదిలేశారు. అందేది ఈ మూడు కబుర్లే. వీటి నుంచి నున్నటి కదలికను సాఫ్ట్‌వేర్ కల్పించాలి. ఎలా కల్పించాలన్న దానిమీద ఒక్కో బ్రౌజర్‌ది ఒక్కో పద్ధతి.

మామూలు తెర సెకనుకు 60 సార్లు కొత్త బొమ్మ గీస్తుంది. అంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. కీ రిపీట్ సెకనుకు 30 అనుకుంటే 33 మిల్లీసెకన్లకు ఒక కబురు వస్తుంది. క్రోమ్‌లో బాణం కీ ఒక నొక్కుకు పేజీ 40 పిక్సెళ్లు జరుగుతుంది. మధ్యలో ఏ యానిమేషనూ లేకపోతే రెండు ఫ్రేములకోసారి పేజీ 40 పిక్సెళ్లు ఎగిరి దూకుతుందన్నమాట. కంటికి అది కదలికలా ఉండదు, అక్షరాలు వణుకుతున్నట్టు ఉంటుంది. అందుకే ప్రతి దూకుడునూ చిన్న చిన్న అంచెలుగా విడగొట్టి చూపే స్మూత్ స్క్రోలింగ్ వచ్చింది. ఫైర్‌ఫాక్స్ 2012లో 13వ వెర్షన్‌తో, క్రోమ్ 2016లో 49వ వెర్షన్‌తో దీన్ని అందరికీ ఆన్ చేశాయి. ఫైర్‌ఫాక్స్‌లో కీబోర్డు స్క్రోల్‌కు యానిమేషన్ నిడివి 150 మిల్లీసెకన్లు.

చిక్కంతా ఇక్కడే ఉంది. 150 మిల్లీసెకన్ల యానిమేషన్ పూర్తికాకముందే మరో నాలుగు కబుర్లు వచ్చిపడతాయి. ప్రతి కబురుకూ యానిమేషన్‌ను సున్నా వేగం నుంచి మొదలుపెడితే పేజీ ప్రతి ఊళ్లోనూ ఆగి బయల్దేరే పల్లెవెలుగు బస్సులా నడుస్తుంది. యానిమేషన్ ఉన్నా కుదుపు పోదు, రూపం మారుతుంది, అంతే. సరైన పద్ధతి ఏమిటంటే, కొత్త కబురు వచ్చేసరికి పేజీ ఎంత వేగంతో కదులుతోందో ఆ వేగాన్ని అలాగే ఉంచి గమ్యాన్ని మాత్రం ముందుకు జరపడం. ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్ కాన్ఫిగ్ అనే లోపలి సెట్టింగుల పేజీలో స్మూత్‌స్క్రోల్ అని వెతికితే ఈ నిడివులన్నీ బయటపడతాయి. స్ప్రింగుకు కట్టిన బరువు కదిలే తీరును అనుకరించే ఒక ఎంపిక కూడా అక్కడే ఉంది. కీ రిపీట్ మరీ నెమ్మదిగా ఉన్న కంప్యూటర్లలో ప్రయత్నించి చూడదగ్గది అదే.

ఈ పనితనమంతా ఎంత చక్కగా కుదిరినా, నొక్కిపట్టిన బాణం కీ చదవడానికి పనికిరాదు. చిన్న లెక్క వేస్తే తేలిపోతుంది. తెలుగు పేజీలో అక్షరం 18 పిక్సెళ్లు, లైన్ల మధ్య ఎడంతో కలిపి ఒక్కో లైను ఎత్తు 32 పిక్సెళ్లు అనుకుందాం. గుడులు, వత్తులు ఉన్న లిపి కాబట్టి ఇంగ్లిష్ కంటే ఎడం ఎక్కువే కావాలి. ఒక లైను చదవడానికి మూడు సెకన్లు పట్టినా చదువరికి కావలసిన వేగం సెకనుకు సుమారు 11 పిక్సెళ్లు. కీ రిపీట్ 10.9 దగ్గర ఉంటే పేజీ వేగం సెకనుకు 436 పిక్సెళ్లు. 30 దగ్గర ఉంటే 1,200. రిపీట్ రేటును అట్టడుగుకు, సెకనుకు 2కు దించినా 80 పిక్సెళ్లు, అంటే కావలసినదానికి ఏడు రెట్లు. బాణం కీ నొక్కిపట్టడం వెతకడానికి, దాటేయడానికి. చదవడానికి ఉన్న దారులు వేరు: ఒక్కో నొక్కుతో అడుగడుగునా జరపడం, లేదా స్పేస్‌బార్‌తో తెరకు తెర మార్చడం.

అడుగడుగునా జరపడంలో ఒక చిన్న పేచీ ఉంది. 40 పిక్సెళ్ల అడుగు 32 పిక్సెళ్ల లైనుకు గుణిజం కాదు. ఒక నొక్కుకు లైనూ పావూ జరుగుతుంది. నొక్కిన ప్రతిసారీ లైన్లు తెరమీద కొత్త ఎత్తుల్లో నిలుస్తాయి, కన్ను తన చోటును మళ్లీ వెతుక్కోవాలి. దీన్ని చదువరి సులువుగా సరిదిద్దుకోలేడు. జూమ్ మార్చి లైను ఎత్తును 40కి దగ్గర చేసుకోవచ్చు గానీ అంత ఓపిక ఎవరికుంటుంది?

తెరకు తెర మార్చడమే మేలైన దారి, అయితే కిందటి తెరలోని చివరి ఒకటి రెండు లైన్లు కొత్త తెర పైభాగంలో మళ్లీ కనిపించాలి. ఆ లైన్లే కంటికి ఆనవాలు. ఈ సంగతి పాత టెక్స్ట్ ఎడిటర్ల ప్రోగ్రాములు రాసినవాళ్లకు బాగా తెలుసు. ఈమ్యాక్స్‌లో తెర మారితే రెండు లైన్లు మిగులుతాయి, విమ్‌లో కంట్రోల్-ఎఫ్ కొట్టినా రెండే. బ్రౌజర్లూ ఇదే సూత్రం పాటిస్తాయి. క్రోమ్‌కు మూలమైన క్రోమియం కోడ్‌లో పేజ్ డౌన్ అంటే తెర ఎత్తులో 87.5 శాతం. 700 పిక్సెళ్ల ఎత్తున్న కిటికీలో 612 పిక్సెళ్లు జరిగి 88 మిగులుతాయి. మన 32 పిక్సెళ్ల లెక్కలో రెండున్నర లైన్ల పైమాటే.

కాగితం మీద లెక్క బాగానే ఉంది, వార్తల సైటులో తప్పుతుంది. పైన అతుక్కుపోయి కదలని మెనూ పట్టీ 60 పిక్సెళ్లు, అడుగున అతుక్కుపోయిన ప్రకటన 90 పిక్సెళ్లు అనుకుంటే చదువరికి నిజంగా కనిపించేది 550 పిక్సెళ్లే. పేజీ జరిగేది మాత్రం 612. స్పేస్ కొట్టిన ప్రతిసారీ దాదాపు రెండు లైన్లు ఎవరికీ కనిపించకుండా మెనూ వెనక్కు వెళ్లిపోతాయి. వాక్యం మధ్యలో తెగిపోయి, మళ్లీ పై బాణం నొక్కి వెనక్కు వెళ్లాల్సి వచ్చేది అందుకే. కదలిక ఎంత నున్నగా ఉంటేనేం, చదువు కుదుపులకు గురైనట్టే. ఫైర్‌ఫాక్స్ ఇలా అతుక్కున్న పట్టీల ఎత్తును మినహాయించి అడుగు లెక్కకడుతుంది. ఇది ప్రచారానికి నోచుకోని మంచి పని. లేదంటే విండోస్‌లో ఎఫ్9 కీతో ఫైర్‌ఫాక్స్ రీడర్ వ్యూలోకో, ఎడ్జ్ ఇమ్మర్సివ్ రీడర్‌లోకో మారితే పట్టీలూ ప్రకటనలూ అన్నీ పోతాయి.

నున్నదనానికీ వేగానికీ మధ్య ఈ పేచీ బ్రౌజర్ల కంటే చాలా పాతది. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తెచ్చిన వీటీ100 టెర్మినల్‌లో, అంటే వేరేచోట ఉన్న కంప్యూటర్‌కు తగిలించే తెర, కీబోర్డుల జతలో, స్మూత్ స్క్రోల్ ఒక సెట్టింగు. లైన్లు ఒకదాని వెనక ఒకటి నెమ్మదిగా పైకి పాకేవి, కానీ సెకనుకు ఆరు లైన్లకు మించి కాదు. కంప్యూటర్ అంతకంటే వేగంగా అక్షరాలు పంపుతుంటే కాసేపు ఆగమని టెర్మినలే తిరిగి కబురు పంపేది. వేగం కావాలనుకుంటే జంప్ స్క్రోల్‌కు మారాలి, అప్పుడు లైన్లు గంతులేసేవి. నడుస్తున్న వరదను ఆపి చదువుకోవడానికి నో స్క్రోల్ అని ఒక కీ కూడా ఉండేది.

అంతకు రెండేళ్ల ముందు, 1976లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ అనే ప్రోగ్రామర్ వీఐ అనే టెక్స్ట్ ఎడిటర్ రాసేటప్పుడు 300 బాడ్ మోడెమ్ వాడేవాడు. సెకనుకు 30 అక్షరాలు. 24 లైన్లు, లైనుకు 80 అక్షరాలున్న తెరను నిండా గీయాలంటే నిమిషం దాటుతుంది. అందుకే వీఐ నెమ్మది మోడెమ్ మీద 8 లైన్ల కిటికీనే వాడేది, 1200 బాడ్ అయితే 16 లైన్లు, అంతకంటే వేగమైతే నిండు తెర. జాయ్ వాడిన ఏడీఎమ్-3ఏ టెర్మినల్‌లో బాణం కీలు విడిగా లేవు, హెచ్, జె, కె, ఎల్ కీల మీదే బాణాలు ముద్రించి ఉండేవి. జె అంటే కిందికి, కె అంటే పైకి అన్న అలవాటు అక్కడి నుంచే వచ్చింది. జీమెయిల్‌లో ఒక ఉత్తరం నుంచి మరో ఉత్తరానికి వెళ్లడానికి షార్ట్‌కట్లు ఆన్ చేసుకున్నవాళ్లు నేటికీ కొట్టేది ఆ జె, కె లే.

ఇంతవరకు కదలిక సంగతి. అసలు కీ కొట్టినా పేజీ కదలకపోతే? ఇది మరింత తరచుగా ఎదురయ్యే బాధ, దీని మూలం వేరు. మౌస్ చక్రం తిప్పితే కర్సర్ ఎక్కడుందో ఆ పెట్టె జరుగుతుంది. కీబోర్డుకు కర్సర్ లెక్కలోకి రాదు, ఫోకస్, అంటే కీనొక్కులు చేరే చోటు, ఎక్కడుందో అదే జరుగుతుంది. చాలా ఆధునిక సైట్లలో పేజీ అసలు శరీరాన్ని కదలకుండా బిగించి, లోపల ఒక పెట్టెను మాత్రమే స్క్రోల్ అయ్యేలా కడుతున్నారు. పేజీ తెరవగానే ఫోకస్ బయటి శరీరం మీద ఉంటుంది, అది కదలదు. లోపల ఎక్కడో ఒకసారి మౌస్‌తో క్లిక్ చేస్తేనే స్పేస్ పనిచేస్తుంది. ట్యాబ్ కీతోనూ ఆ పెట్టెను చేరుకోలేకపోతే మౌస్ వాడలేని మనిషికి ఆ పేజీ తలుపు మూసుకున్నట్టే. స్క్రోల్ అయ్యే పెట్టెను ట్యాబ్ కీతో చేరుకునే వీలు ఫైర్‌ఫాక్స్‌లో చాలాకాలంగా ఉంది, క్రోమ్‌కు అది 2024లో గానీ రాలేదు. అన్నీ కీబోర్డుతో పనిచేయాలన్నది వెబ్ అందుబాటు ప్రమాణాల్లో అట్టడుగు మెట్టు, 2008 నాటి రెండో వెర్షన్ నుంచీ ఉన్నదే. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు కూడా ఆ ప్రమాణాల మీదే ఆధారపడ్డాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ సైట్లను ఒకసారి మౌస్ పక్కన పెట్టి ట్యాబ్, స్పేస్‌లతో మాత్రమే చూస్తే పాటింపు ఎంతో అర్థమవుతుంది.

ఫోకస్ సరిగ్గా ఉన్నా కీ ఎవరిదన్న తగాదా ఒకటుంది. టైపు చేసే పెట్టెలో స్పేస్ ఖాళీ వేస్తుంది, బటన్ మీద ఉంటే దాన్ని నొక్కుతుంది, యూట్యూబ్‌లో వీడియోను ఆపుతుంది, ఖాళీ చోట మాత్రమే పేజీని జరుపుతుంది. ప్రతి కీనొక్కునూ ముందు పేజీలోని జావాస్క్రిప్ట్ కోడ్‌కు చూపించి, అది వద్దనకపోతేనే బ్రౌజర్ స్క్రోల్ చేస్తుంది. ఈ మర్యాద వల్లే కీబోర్డు స్క్రోలింగ్ కొన్ని సైట్లలో నత్తనడక నడుస్తుంది. బ్రౌజర్ పక్కపక్కనే నడిపే పనుల వరుసలను త్రెడ్‌లు అంటారు. గీసిన బొమ్మను తెర మీద జరిపే పని విడి త్రెడ్‌లో నడుస్తుంది, జావాస్క్రిప్ట్ ఇంకో త్రెడ్‌లో, ప్రధాన త్రెడ్‌లో. వేలితో ముట్టి జరిపే స్క్రోలింగ్ విషయంలో క్రోమ్ 2017లో గట్టి నిర్ణయం తీసుకుంది: టచ్‌ల కోసం పేజీ మొత్తం మీద చెవులొగ్గిన కోడ్ కోసం ఎదురుచూడకుండా జరిపేస్తుంది. కీల విషయంలో అలా కుదరదు. షార్ట్‌కట్లన్నీ ఆ వద్దనే హక్కు మీదే బతుకుతున్నాయి. పేజీలో కీల కోసం చెవులొగ్గిన కోడ్ ఉంటే ఫైర్‌ఫాక్స్ కూడా విడి త్రెడ్‌ను వదిలి ప్రధాన త్రెడ్ కోసం ఆగుతుంది. ప్రకటనల స్క్రిప్టులతో ఆ త్రెడ్ ఊపిరాడకుండా ఉంటే టచ్‌ప్యాడ్‌తో నున్నగా జారే పేజీయే స్పేస్ కొడితే తడబడుతుంది.

పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో స్క్రోల్ బిహేవియర్‌ను స్మూత్ అని రాస్తే ఇవన్నీ తీరతాయనుకునే వెబ్ డెవలపర్లు చాలామంది కనిపిస్తారు. ఆ లక్షణం లింకు నొక్కినప్పుడో, కోడ్ జరిపినప్పుడో వర్తిస్తుంది. మనిషి కీ కొట్టి జరిపే స్క్రోల్‌తో దానికి సంబంధం లేదు. ఇక మౌస్ చక్రాన్ని తమ చేతిలోకి తీసుకుని సినిమాలా పేజీని జరిపే లైబ్రరీల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాటిలో కీబోర్డును పరీక్షించి చూసినవి తక్కువ.

కీల పెత్తనం తమదేనని తేల్చేసిన ఎక్స్‌టెన్షన్లూ, అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే అదనపు ప్రోగ్రాములూ ఉన్నాయి. క్రోమ్‌లో పేరున్నది విమియం, ఫైర్‌ఫాక్స్‌లో ట్రైడాక్టైల్. జె, కె లతో కొద్దికొద్దిగా, విమియంలో డి, యు లతో, ట్రైడాక్టైల్‌లో కంట్రోల్‌తో కలిపి అవే కీలతో అర తెర చొప్పున జరుగుతాయి. అర తెర చాలా మంచి కొలత: చదివిన సగం పైన మిగిలే ఉంటుంది, పట్టీలు ఎన్ని అతుక్కున్నా లైను పోదు. నొక్కిపట్టినప్పుడు విమియం కీ రిపీట్లను లెక్కచేయదు. నొక్కిన క్షణం నుంచి వదిలిన క్షణం దాకా తానే ఒకే తీరుగా జరుపుతుంది, మొదట్లో చెప్పుకున్న అర సెకను విరామం దానిలో లేదు. వీటికీ హద్దులున్నాయి. బ్రౌజర్ సెట్టింగుల పేజీల్లో, ఎక్స్‌టెన్షన్ల దుకాణాల్లో ఇవి నడవవు. యూట్యూబ్‌లో జె అంటే పది సెకన్లు వెనక్కి, అక్కడ ఎవరి మాట నెగ్గాలో వాడేవాళ్లే సెట్టింగ్స్‌లో రాసుకోవాలి.

తెలుగు టైపు చేసేవాళ్లకు మరో అడ్డంకి. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ ఆన్‌లో ఉంటే జె కీ నొక్కితే వచ్చేది ర, కె కీ నొక్కితే క. ఎక్స్‌టెన్షన్ జె కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, పేజీ కదలదు. ప్రతిసారీ ఇంగ్లిష్‌కు మారడం విసుగు. నొక్కిన అక్షరం ఏమిటన్నదే కాకుండా కీబోర్డు మీద ఏ చోటి కీ నొక్కారన్నది కూడా బ్రౌజర్ విడిగా చెబుతుంది. విమియంలో లేఅవుట్‌ను పట్టించుకోవద్దనే ఎంపిక దాన్నే వాడుకుంటుంది. అది టిక్ చేస్తే తెలుగులో ఉన్నా ర కీ పేజీని కిందికి జరుపుతుంది. స్పేస్, పేజ్ డౌన్, బాణాలకు ఈ గొడవ ఎన్నడూ లేదు. కాకపోతే చిన్న ల్యాప్‌టాప్‌లలో పేజ్ డౌన్‌కు ఎఫ్ఎన్ కీతో కలిపి కింది బాణం నొక్కాలి, అదొక రెండు చేతుల పని.

తెరమీది రాతను చదివి వినిపించే, చూపులేనివారి స్క్రీన్ రీడర్‌లో కింది బాణానికి అర్థమే వేరు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ బ్రౌజ్ మోడ్‌లో అది పేజీని జరపదు, తర్వాతి లైనును చదివి వినిపిస్తుంది. హెచ్ కొడితే తర్వాతి శీర్షికకు వెళ్తుంది. తెర జరగడం దాని వెనకే వచ్చే పక్క ఫలితం. కళ్లు తిరిగే బాధ ఉన్నవారికి మళ్లీ అంతా తిరగబడుతుంది, వాళ్లకు యానిమేషన్ లేని గంతే హాయి. విండోస్ 11లో యాక్సెసిబిలిటీ కింద విజువల్ ఎఫెక్ట్స్‌లో యానిమేషన్లు ఆపేసే స్విచ్ వారికోసమే.

ఇక మిగిలింది సెకనుకు 11 పిక్సెళ్ల ప్రశ్న. చదివే వేగంతో, చేయి పెట్టకుండా, తనంతట తాను జారే పేజీ. పీడీఎఫ్ రీడర్లలో ఇది ఎప్పటినుంచో ఉంది. అడోబ్ రీడర్‌లో కంట్రోల్, షిఫ్ట్, హెచ్ కలిపి నొక్కితే పుస్తకం మెల్లగా పైకి పాకడం మొదలుపెడుతుంది, బాణం కీలతో వేగం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. లినక్స్‌లో వాడే ఓక్యులర్ అనే పీడీఎఫ్ రీడర్‌లో షిఫ్ట్‌తో కింది బాణం, మళ్లీ మళ్లీ నొక్కేకొద్దీ వేగం హెచ్చుతుంది. రెండింటిలోనూ కీ పని వేగం నిర్ణయించడమే. దూరం సంగతి సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది కాబట్టి రిపీట్ విరామాలు, యానిమేషన్ల మొదళ్లు, లైను గుణిజాలు అన్న తలనొప్పులే ఉండవు. బ్రౌజర్లలో ఆటోస్క్రోల్ అన్న పేరుతో ఉన్నది మౌస్ మధ్య బటన్ నొక్కితేనే మొదలవుతుంది. కీబోర్డుతో అదే పని చేయించాలంటే ఇప్పటికీ ఎక్స్‌టెన్షన్ వెతుక్కోవాల్సిందే, లేదా పేజీని పీడీఎఫ్‌గా ముద్రించుకుని ఓక్యులర్‌లో తెరవాలి.